కుళాయిలోంచి వచ్చే రాయి

చలి మొదలైందంటే హైదరాబాద్ శివార్లలో గీజర్ మెకానిక్‌కు తీరిక ఉండదు. ట్యాంకు అడుగున ప్లేటు బోల్టులు విప్పి కాయిల్‌ను లాగితే అది ఒక పట్టాన రాదు. అటూ ఇటూ తిప్పాలి, తట్టాలి, మళ్లీ లాగాలి. వచ్చాక చూస్తే లోహపు గొట్టం ఎక్కడా కనపడదు. దాని చుట్టూ బూడిద కలిసిన తెలుపు రంగులో మందపాటి పెచ్చు అల్లుకుని ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో కొడితే ముక్కలుగా రాలుతుంది. రాలిన ముక్క అంచును వెలుగులో పెట్టి చూస్తే సన్నటి పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకున్న తీరు తెలుస్తుంది.

ఇంట్లోవాళ్లు దీన్ని ‘ఉప్పు పట్టడం’ అంటారు. ఉప్పయితే నీళ్లలో వేయగానే కరగాలి, ఇది కరగదు. నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే మాత్రం బుసబుసమని నురగ లేస్తుంది. ఆ నురగ కార్బన్ డయాక్సైడ్, ఆ పెచ్చు కాల్షియం కార్బొనేట్. కోడిగుడ్డు పెంకులో ఉన్నదీ, సముద్రపు గవ్వలో ఉన్నదీ, ఇంటి ముందు పరిచిన తాండూరు బండలో ఉన్నదీ ప్రధానంగా ఇదే. అంటే ఆ ఇంటివాళ్లు గీజర్‌లో తమకు తెలియకుండానే సున్నపురాయిని తయారు చేస్తున్నారు.

ఎంత తయారవుతుందో కాగితం మీద లెక్క కట్టవచ్చు. రోజుకు 100 లీటర్ల నీళ్లు కాగే ఇల్లు అనుకుందాం. ఆ నీటిలో లీటరుకు 250 మిల్లీగ్రాములు, వేడికి పేరుకునే రకం కాల్షియం కార్బొనేట్ ఉందనుకుందాం. రోజుకు పాతిక గ్రాములు గీజర్‌లోంచి దాటిపోతున్నట్టు లెక్క. అందులో పదో వంతు మాత్రమే లోపల నిలిచిపోయినా రోజుకు రెండున్నర గ్రాములు, ఏడాది తిరిగేసరికి 900 గ్రాములు. శివారు బోరు నీళ్లకు ఇది అతిశయోక్తి లెక్క కాదు.

ఈ రాయి ఎక్కడి నుంచి వస్తోంది? హైదరాబాద్ నిలబడింది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద. గ్రానైట్ చూడటానికి మహా గట్టిది, కానీ దానిలోని ఫెల్డ్‌స్పార్ ఖనిజం నీటికి మెల్లమెల్లగా లొంగుతుంది. వాన చినుకు నేలలోకి ఇంకేటప్పుడు వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పలచటి కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. ఈ ఆమ్లం ఫెల్డ్‌స్పార్‌లోంచి కాల్షియాన్ని లాగుతుంది, ముదురు రంగు ఖనిజాల నుంచి మెగ్నీషియాన్ని లాగుతుంది. దక్కన్ లాంటి మెట్ట ప్రాంతాల్లో ఇంకో వనరూ ఉంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ కావడంతో నేల పొరల్లో సున్నపు గడ్డలు కడతాయి. కొత్త ఇంటికి పునాది తవ్వేటప్పుడు ఎర్రమట్టి కింద తెల్లటి పొరలాగా, ఉండల్లాగా తగిలేవి అవే. వాటి మీదుగా ఇంకిన నీరు ఇంకాస్త సున్నాన్ని మోసుకుపోతుంది.

ఇక లోతు సంగతి. గ్రానైట్‌లో నీళ్లు ఉండేది పైనున్న శిథిల పొరలో, దాని కింది పగుళ్లలో. పై పొర ఎండిపోయాక బోరు వందల అడుగులు దిగుతుంది. అంత లోతు పగుళ్లలోని నీరు ఎన్నో ఏళ్లుగా రాతిని ఒరుసుకుంటూ నిలిచిన నీరు. అది ఎంత ఎక్కువకాలం నిలిస్తే అంత ఎక్కువగా ఖనిజాలను కరిగించుకుంటుంది. దానికి తోడు డ్రైనేజీ లైను లేని కాలనీల్లో సెప్టిక్ ట్యాంకుల నుంచి ఊరే నీరు క్లోరైడ్లనూ నైట్రేట్లనూ చేరుస్తుంది.

నగరం నడిబొడ్డున ఉన్నవాళ్లకు ఈ బాధ తక్కువ. 1908 మూసీ వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ తర్వాత మంజీరా, సింగూరు, కృష్ణా, గోదావరి జలాలు ఒకదాని వెనక ఒకటి నగరానికి వచ్చాయి. ఇవన్నీ ప్రధానంగా వాన నుంచి, వాగుల నుంచి పోగైన ఉపరితల జలాలు. రాతితో వీటి సావాసం తక్కువ కాబట్టి కాఠిన్యమూ, అంటే కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం మోతాదూ, బోరు నీటి కంటే తక్కువ. పాత కాపురస్తులు ఇప్పటికీ నల్లా నీళ్లన్నిటినీ ‘మంజీరా నీళ్లు’ అనే అంటారు.

నగరం పైపుల కంటే వేగంగా పెరిగింది. నిజాంపేట, బాచుపల్లి, బీరంగూడ వైపు అపార్టుమెంట్లు ముందు లేచాయి, పైపులైన్లు వాటి వెనక వెళ్లాయి. అక్కడి ఇంటికి వారంలో మూడు రకాల నీళ్లు వస్తాయి: రోజు విడిచి రోజు గంటసేపు నల్లా, మిగతా సమయంలో బోరు, ఏప్రిల్ దాటితే ట్యాంకర్. మూడూ ఒకే సంపులో పడతాయి. సోమవారం సబ్బు బాగా నురగ వచ్చి గురువారం రాకపోతే సబ్బు మారలేదు, సంపులో పాళ్లు మారాయి.

కాఠిన్యాన్ని కొలిచే పద్ధతి ఎవరైనా ఒకసారి కళ్లారా చూడాలి. ల్యాబ్‌లో కొద్దిపాటి నీటికి క్షార ద్రావణం కలిపి, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే రంగు చిటికెడు వేస్తారు. కాల్షియం, మెగ్నీషియం ఉంటే నీళ్లు ద్రాక్షసారా ఎరుపులోకి తిరుగుతాయి. పైనున్న గాజు గొట్టం నుంచి ఈడీటీఏ అనే ద్రావణాన్ని చుక్క చుక్కగా వదులుతారు. ఈడీటీఏ అణువు కాల్షియాన్ని నలువైపులా పట్టేసుకుంటుంది. చిట్టచివరి కాల్షియం కూడా దానికి చిక్కగానే ఎరుపు పోయి స్వచ్ఛమైన నీలం వస్తుంది. ఆ మార్పు ఒక్క చుక్కతో జరుగుతుంది. ఎన్ని చుక్కలు పట్టాయో దాన్నిబట్టి కాఠిన్యం తెలుస్తుంది. స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త జెరోల్డ్ ష్వార్జెన్‌బాక్ 1940లలో తీర్చిదిద్దిన పద్ధతి ఇది. అంతకుముందు సబ్బు నీళ్లు పోస్తూ సీసాను కుదిపి, ఎప్పుడు నురగ నిలబడుతుందా అని చూసేవారు.

భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దిక్కు లేనప్పుడు 600 వరకూ ఒప్పుకోవచ్చు. శివారు బోర్లలో 500 దాటడం అరుదేమీ కాదు.

ఇక్కడ ఒక మోసం గురించి చెప్పుకోవాలి. నీటి శుద్ధి యంత్రాలు అమ్మేవాళ్లు కొందరు ఇంటికి వచ్చి రెండు గ్లాసుల్లో నీళ్లు పోయిస్తారు, ఒకదానిలో ఇంటి నీళ్లు, ఇంకోదానిలో తమ యంత్రం నీళ్లు. రెండింటిలో కరెంటు కడ్డీల పరికరం ముంచి స్విచ్ వేస్తారు. నిమిషంలో ఇంటి నీళ్లు తుప్పు రంగులోకి తిరిగి మడ్డి తేలుతుంది, వాళ్ల నీళ్లు తేటగా ఉంటాయి. ఇల్లాలు హడలిపోతుంది. ఆ మడ్డి నీళ్లలో ఉన్నది కాదు. కడ్డీల్లో ఒకటి ఇనుము, కరెంటుకు అదే కరిగి ఇనుప హైడ్రాక్సైడ్‌గా తేలింది. లవణాలున్న నీళ్లలో కరెంటు బాగా పారుతుంది, లవణాలు తీసేసిన నీళ్లలో పారదు, తేడా అంతే. చిటికెడు ఉప్పు వేసిన శుభ్రమైన నీళ్లతో కూడా ఇదే తమాషా చేయవచ్చు.

టీడీఎస్ మీటర్ అంత మోసం కాదు గానీ, దాని మాట కూడా సగమే. అది కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒక అంకె చూపిస్తుంది. అందులో గీజర్‌ను పాడుచేసే కాల్షియం ఎంతో, దానికి ఏ ఇబ్బందీ పెట్టని సోడియం ఎంతో చెప్పలేదు. ఒంటికి నిజంగా చేటు చేసే ఫ్లోరైడ్ ఉందో లేదో అసలు చెప్పలేదు. ఈ విషయం మళ్లీ వస్తుంది.

ముందు సబ్బు సంగతి చూద్దాం. సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. అది కఠిన జలంలో పడగానే సోడియాన్ని వదిలి కాల్షియాన్ని పట్టుకుంటుంది. అలా ఏర్పడిన కాల్షియం సబ్బు నీటిలో కరగదు, నురగ ఇవ్వదు, తెల్లటి జిగట తెట్టులా తేలుతుంది. బకెట్ అంచు చుట్టూ వలయం కట్టేదీ, నల్ల చొక్కా మీద చారలు వదిలేదీ, టవల్‌ను గరుకుగా చేసేదీ ఆ తెట్టే. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం మొత్తం ఇలా ఖర్చయ్యే దాకా సబ్బు తన పని మొదలుపెట్టదు.

ఎంత సబ్బు వృథా? ఒక గ్రాము కాఠిన్యాన్ని అణచడానికి సుమారు ఆరు గ్రాముల సబ్బు కావాలి. 20 లీటర్ల బకెట్‌లో, లీటరుకు 500 మిల్లీగ్రాముల చొప్పున, పది గ్రాముల కాఠిన్యం ఉంటుంది. అంటే ఆ బకెట్‌లో బట్టలు నానబెట్టి సబ్బుతోనే ఉతకాలంటే, మొదటి నురగ రావడానికే 60 గ్రాముల సబ్బు హారతి కర్పూరమైపోతుంది. ఒంటికి రుద్దుకునేటప్పుడు బకెట్ మొత్తంతో సబ్బుకు పని లేదు గనక నష్టం ఇంతుండదు. బట్టల దగ్గరే అసలు దెబ్బ.

డిటర్జెంట్లు వచ్చాక ఈ దెబ్బ చాలావరకు తగ్గింది. వాటిలోని సల్ఫొనేట్ అణువులు కాల్షియానికి సబ్బంత తేలిగ్గా దొరకవు. పైగా పొడిలో కాల్షియాన్ని పక్కకు తప్పించే పదార్థాలు కలుపుతారు, ముఖ్యంగా చాకలి సోడా, జియోలైట్. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ మొదలుపెట్టిన నిర్మా చవగ్గా దొరకడానికీ, బోరు నీళ్లలో సైతం పనిచేయడానికీ అందులో దండిగా ఉన్న సోడా ఒక కారణం. మన చాకళ్లు బట్టలను చౌడు మట్టితో ఉడకబెట్టిన రోజుల్లోనూ పనిచేసింది ఈ రసాయనమే. చౌడులోని సోడియం కార్బొనేట్ నీటిలోని కాల్షియాన్ని సుద్దలా కిందికి దింపేస్తుంది.

వంటింట్లో తొలి ఫిర్యాదు కందిపప్పు మీద. గింజలోని కణాలను అతికించి ఉంచే జిగురు పెక్టిన్. ఉడికేటప్పుడు అది కరిగితేనే పప్పు మెత్తబడి కలిసిపోతుంది. నీళ్లలోని కాల్షియం పెక్టిన్ పోగులను ఒకదానితో ఒకటి ముడివేసి కరగనివ్వదు. ఆగ్రా పేఠా చేసేవాళ్లు బూడిద గుమ్మడి ముక్కలను పాకంలో వేసే ముందు సున్నపు నీటిలో నానబెట్టేది ఇందుకే, ముక్క గట్టిగా నిలవాలని. పేఠాకు కావలసిన గుణమే పప్పుకు శత్రువు. కుక్కర్ నాలుగు విజిల్స్ వేసినా గింజ గింజగానే మిగిలితే చాలామంది చిటికెడు వంటసోడా వేస్తారు. పప్పు ఉడుకుతుంది, కాకపోతే సోడా క్షారగుణానికి అందులోని బి1 విటమిన్ నశిస్తుంది. శివారు ఇళ్లలో పప్పుకూ టీకీ నల్లా నీళ్లు వేరుగా పట్టి పెట్టుకునే అలవాటు ఉంది. సోడా కంటే అది నూరుపాళ్లు మేలు.

టీ మీద కట్టే సన్నటి తెట్టు గురించి కూడా శాస్త్రజ్ఞులు పరిశోధించారు. లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన మైకేల్ స్పైరో, డియోగ్రాషియస్ జగన్యీ 1993లో ‘నేచర్’ పత్రికలో ఆ సంగతి వివరించారు. టీలోని పాలీఫినాళ్లు గాలికి ఆక్సీకరణం చెందుతాయి, అందుకు కాల్షియం, బైకార్బొనేట్ రెండూ తోడవ్వాలి. శుద్ధ జలంతో కాచిన టీకి తెట్టు కట్టదు. నిమ్మరసం పిండినా కట్టదు, ఆమ్లం బైకార్బొనేట్‌ను పోగొడుతుంది కాబట్టి.

గీజర్‌లో జరిగేదానికి మూలమూ ఈ బైకార్బొనేటే. కాల్షియం చల్లటి నీళ్లలో బైకార్బొనేట్ రూపంలో హాయిగా కరిగి ఉంటుంది. నీరు వేడెక్కితే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి కరగని కార్బొనేట్ మిగులుతుంది. ఇలా మరిగిస్తే పోయేది తాత్కాలిక కాఠిన్యం. సల్ఫేట్లు, క్లోరైడ్లతో వచ్చేది మరిగించినా పోదు, అందుకే దానికి శాశ్వత కాఠిన్యమని పేరు. పంచదార వేడి నీళ్లలో ఎక్కువ కరుగుతుంది, కాల్షియం కార్బొనేట్ తీరు దానికి తిరగబడి ఉంటుంది. ట్యాంకులో అన్నిటికంటే వేడిగా ఉండేది కాయిల్ ఉపరితలం గనక పెచ్చు ముందు అక్కడే కడుతుంది.

పెచ్చు కట్టిన గీజర్ కరెంటు రెట్టింపు తాగుతుందని తరచూ వింటాం. కానీ కాయిల్ నీళ్లలోనే మునిగి ఉంటుంది. అది పుట్టించిన వేడి ఎంత ఆలస్యంగానైనా నీళ్లలోకే పోవాలి, ఇంకెక్కడికీ పోలేదు. 2009లో అమెరికాలోని బ్యాటెల్ సంస్థ చేసిన పరీక్షల్లో ఎలక్ట్రిక్ హీటర్ల సామర్థ్యం కఠిన జలంతోనూ దాదాపు అలాగే నిలిచింది, పడిపోయింది గ్యాస్ హీటర్లది. ఆ పరీక్షలకు డబ్బు పెట్టింది నీటి శుద్ధి పరిశ్రమ సంఘమే. అయినా తమకు లాభించని ఈ ఫలితం వచ్చిందంటే దానికి విలువ ఇవ్వవచ్చు. గ్యాస్ గీజర్‌లో మంట ఒకవైపు, నీళ్లు ఒకవైపు, మధ్యలో రాగి గొట్టం. రాగితో పోలిస్తే ఈ పెచ్చు వేడిని వందో వంతు కూడా ప్రసరింపజేయదు. అందుకని వేడి నీళ్లలోకి పోలేక పొగతో పాటు బయటికి పోతుంది.

ఎలక్ట్రిక్ గీజర్‌లో నష్టం బిల్లులో కాదు, కాయిల్ ఆయుష్షులో. పెచ్చు లోపల చిక్కుకున్న వేడికి కాయిల్ సొంత ఉష్ణోగ్రత పెరిగి, ఒకరోజు కాలిపోతుంది. థర్మోస్టాట్‌ను 60 డిగ్రీలు దాటనివ్వకపోతే పెచ్చు కట్టే వేగం బాగా తగ్గుతుంది. ట్యాంకు లోపల తుప్పును తన మీద వేసుకునే మెగ్నీషియం కడ్డీ ఒకటుంటుంది, లవణాలు ఎక్కువున్న నీళ్లలో అది త్వరగా అరిగిపోతుంది. కాయిల్ శుభ్రం చేయించినప్పుడే దాన్నీ చూడమని అడగాలి. చాలామంది అడగరు. అది అరిగిపోయాక ట్యాంకే కారుతుంది.

షవర్ రంధ్రాలు మూసుకుపోతే, కుళాయి మూతి తెల్లబారితే కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు చాలు. గోరువెచ్చటి నీళ్లలో కలిపి గంటసేపు ముంచి ఉంచితే పెచ్చు కరిగిపోతుంది. బాత్రూమ్ గచ్చు మీద చారలు పోవడానికి యాసిడ్ సీసాలు కొనడం మాత్రం ప్రమాదం. దానిలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పాలరాతినీ, కుళాయి మెరుపునూ తినేస్తుంది. అంతకంటే పెద్ద ముప్పు వేరే ఉంది. యాసిడ్ పోసిన చోటే బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. కిటికీ మూసిన చిన్న బాత్రూమ్‌లో అది ఊపిరి తీయగలదు. పనిమనుషులకు ఈ రెండింటినీ ఒకే అరలో పెట్టి ఇచ్చే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. దయచేసి వేరు చేయండి.

ఇక ఒంటి సంగతి. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చిన కుర్రాళ్లను అడిగితే జుట్టు రాలడానికి కారణం బోరు నీళ్లేనని ఘంటాపథంగా చెబుతారు. 2013లో ట్రైకాలజీ పత్రికలో వచ్చిన ఒక భారతీయ అధ్యయనంలో వెంట్రుకలను కఠిన జలంతోనూ స్వేదన జలంతోనూ విడివిడిగా కడిగి, లాగి పరీక్షిస్తే బలంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తర్వాత పాకిస్తాన్‌లో చేసిన ఇంకో అధ్యయనంలో కొంత బలహీనత కనిపించింది. రెండూ పరీక్షించింది వెంట్రుక పోగునే గాని, కుదురు నుంచి ఊడటాన్ని కాదు. జుట్టు గరుకుగా, మొద్దుబారినట్టు ఉండటం నిజం, కాల్షియం తెట్టు పొరే దానికి కారణం. బట్టతలకు నీళ్లను నిందించడానికి మాత్రం ఇంతవరకు గట్టి ఆధారం లేదు.

చర్మం విషయం కాస్త చిక్కుముడి. కఠిన జలం ఉన్న ఊళ్లలో పిల్లలకు తామర ఎక్కువని బ్రిటన్‌లో చాలా సర్వేలు తేల్చాయి. అయితే 336 మంది తామర ఉన్న పిల్లల్లో సగం ఇళ్లకు నీటిని మెత్తబరిచే యంత్రాలు బిగించి 12 వారాలు చూసిన పరీక్షలో, మామూలు చికిత్సకు మించి మేలేమీ కనపడలేదు. 2011లో ఆ ఫలితాలు వచ్చాయి. 2018లో షెఫీల్డ్ పరిశోధకులు ఇంకో వైపు నుంచి చూసి, కఠిన జలంతో కడుక్కుంటే సబ్బు పదార్థాలు చర్మం మీద ఎక్కువగా మిగిలిపోయి మంట పెడతాయని చూపారు. కాబట్టి సున్నితమైన చర్మం ఉన్నవాళ్లు సబ్బు తగ్గించడం, చివరి రెండు చెంబులు నల్లా నీళ్లతో పోసుకోవడం తెలివైన పని. లక్ష రూపాయల యంత్రంతో తామర మానుతుందని ఎవరైనా అంటే నమ్మాల్సిన అవసరం లేదు.

మూత్రపిండాల్లో రాళ్ల భయం అన్నిటికంటే ఎక్కువ. గీజర్‌లో రాయి కట్టినట్టే ఒంట్లోనూ కడుతుందన్న ఊహ సహజమే. కానీ రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్. ఆహారంలో, నీటిలో వచ్చిన కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుని మలంతో బయటికి పంపుతుంది. కాల్షియం బాగా తగ్గిస్తేనే ఆక్సలేట్ రక్తంలోకి ఎక్కువ చేరుతుంది. రాళ్లకు పెద్ద కారణం చాలినన్ని నీళ్లు తాగకపోవడం, మన ఎండల్లో మరీను. రుచి బాగాలేదని బోరు నీళ్లు తక్కువ తాగేవాళ్లకే అసలు ముప్పు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కాఠిన్యానికి ఆరోగ్యపరమైన హద్దు ఏదీ పెట్టలేదు. 1957లో జపాన్ శాస్త్రవేత్త జున్ కొబయాషి నదీజలాల స్వభావానికీ పక్షవాత మరణాలకూ ఏదో సంబంధం ఉందని చూపినప్పటి నుంచి, నీళ్లలో మెగ్నీషియం ఉన్నచోట గుండెజబ్బు మరణాలు కొంత తక్కువని పలు దేశాల్లో అధ్యయనాలు వచ్చాయి. వాదన ఇంకా తెగలేదు. కానీ తెగని వాదన కూడా కఠిన జలం పక్షానే ఉందని గుర్తుంచుకోవాలి.

భయపడాల్సింది వేరేదానికి. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి ప్రకాశం ప్రాంతంలో, ఎముకలు బిగుసుకుపోయిన పల్లె జనాన్ని పరీక్షించి మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి వివరించారు. తర్వాత నల్లగొండ ఆ వ్యాధికి మారుపేరైంది. ఫ్లోరైడ్‌కూ కాల్షియానికీ పడదు. రెండూ కలిస్తే కాల్షియం ఫ్లోరైడ్‌గా మారి ఫ్లోరైడ్ నీటిలోంచి తగ్గిపోతుంది. అందువల్ల కాల్షియం తక్కువ, సోడియం బైకార్బొనేట్ ఎక్కువ ఉన్న నీళ్లలోనే తరచూ ఫ్లోరైడ్ పేరుకుంటుంది. అలాంటి నీళ్లలో సబ్బు చక్కగా నురగ వస్తుంది, బకెట్‌కు చార పడదు, ఎవరికీ అనుమానం రాదు. ఫ్లోరైడ్ హద్దు లీటరుకు ఒక మిల్లీగ్రాము, గత్యంతరం లేకపోతే ఒకటిన్నర. నైట్రేట్ హద్దు 45. బోరు వేయించుకున్నవాళ్లు కాఠిన్యంతో పాటు ఈ రెండింటినీ ల్యాబ్‌లో చూపించుకోవాలి, ఖర్చు గీజర్ కాయిల్ ధర కంటే మించదు.

ఇప్పుడు మందు సంగతి. స్కాట్లాండ్‌లోని అబర్డీన్ ప్రొఫెసర్ థామస్ క్లార్క్ 1841లో నీళ్లలోంచి సున్నాన్ని తీయడానికి నీళ్లలో సున్నం కలపమన్నాడు. వినడానికి వింతగా ఉన్నా అది నిజం. కలిపిన తడి సున్నం బైకార్బొనేట్‌తో చర్య జరిపి, తానూ అదీ కలిసి సుద్దగా కిందికి దిగిపోతాయి. పెద్ద నీటి శుద్ధి కేంద్రాల్లో ఈ పద్ధతి నేటికీ ఉంది. ఇంట్లో చేసుకునేది మాత్రం కాదు, పాళ్లు కుదరకపోతే నీళ్లు ఘాటెక్కుతాయి.

అపార్టుమెంట్లలో కనపడే ‘సాఫ్ట్‌నర్’ వేరే దారి. గొట్టంలో ఆవగింజలంత పసుపుపచ్చ ప్లాస్టిక్ రెసిన్ పూసలు ఉంటాయి. ఒక్కో పూస నిండా సోడియం అయాన్లు అంటిపెట్టుకుని ఉంటాయి. నీళ్లు వాటి మధ్యగా పారేటప్పుడు పూస కాల్షియాన్ని పట్టుకుని బదులుగా రెండు సోడియం అయాన్లను వదులుతుంది. ఇంగ్లండ్‌కు చెందిన ఆడమ్స్, హోమ్స్ 1935లో మొదటి కృత్రిమ రెసిన్లను చేశారు. మట్టికి ఈ గుణం ఉందని అంతకు ముందే, 1850లో, థాంప్సన్, వే గుర్తించారు. పూసల్లోని సోడియం అయిపోయాక గాఢమైన ఉప్పునీళ్లు పోసి మళ్లీ నింపాలి.

ఇందులో రెండు సంగతులు అమ్మేవాళ్లు చెప్పరు. మొదటిది, టీడీఎస్ తగ్గదు, కాల్షియం స్థానంలో సోడియం వస్తుంది. 500 కాఠిన్యం ఉన్న నీటిని మెత్తబరిస్తే లీటరుకు 230 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. రెండు లీటర్లు తాగితే గ్రాముకు పైగా ఉప్పు తిన్నట్టు. రోజు మొత్తానికి ఐదు గ్రాముల ఉప్పు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బీపీ ఉన్నవాళ్ల ఇంట్లో ఈ నీళ్లు తాగడానికి వాడకూడదు. రెండోది, ఆ ఉప్పు ఎక్కడికి పోతోందన్నది. నలుగురున్న ఇంట్లో మనిషికి 135 లీటర్ల ప్రభుత్వ లెక్కన రోజుకు 540 లీటర్లు వాడతారు. అంత నీటినీ మెత్తబరచాలంటే సిద్ధాంతం ప్రకారం 300 గ్రాములు, ఆచరణలో దానికి రెట్టింపు ఉప్పు కావాలి. నెలకు 20 కిలోలకు దగ్గర. అదంతా కడిగిన నీళ్లతో మురుగులోకి, మురుగు లైను లేని చోట నేలలోకి పోతుంది. రెండొందల ఫ్లాట్ల సముదాయం ఏడాది పొడుగునా ఇలా పోస్తే పక్క కాలనీ బోరు ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇక లవణాలను వడకట్టే ఆర్వో యంత్రం. దానిలోని పొరను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, భారత్‌లో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ 1959 ప్రాంతంలో సాధించారు. ఆర్వో తాగే నీటికి సరిపోయే గొప్ప పరికరం, బోరు నీళ్లే దిక్కయిన ఇంటికి అవసరం కూడా. కానీ లీటరు మంచి నీటికి రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఇంట్లో ఆర్వో వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో పర్యావరణ శాఖకు సూచించింది. నల్లా నీళ్లు రోజూ వచ్చే ఇంట్లో ఆర్వో పెట్టడం దండగ. పైపు మీద అయస్కాంతం బిగిస్తే కాఠిన్యం పోతుందనే పరికరాలకు నమ్మదగ్గ ఆధారాలు లేవు.

ఇంటికి చేరే నీళ్లన్నిటినీ శుద్ధి చేయాలనుకోవడమే అసలు పొరపాటు. కమోడ్‌కూ, గచ్చు కడగడానికీ, కారు కడగడానికీ 500 కాఠిన్యంతో ఇబ్బందే లేదు. పేచీ వచ్చేది వేడి తగిలే చోట, సబ్బు కలిసే చోట, పప్పు ఉడికే చోట. వాడుక నీళ్లు వేరు, తాగే నీళ్లు వేరు అని రెండు బిందెలు పెట్టుకున్న పాత ఇళ్లలో ఈ లెక్క ఎవరూ నేర్పకుండానే ఉంది. కొత్త ఇల్లు కట్టేటప్పుడు గీజర్‌కూ వాషింగ్ మెషిన్‌కూ వెళ్లే పైపును వేరుగా తీసి, సాఫ్ట్‌నర్‌ను దానికే బిగిస్తే ఉప్పు ఖర్చు మూడో వంతుకు దిగుతుంది. గోడలు పూర్తయ్యాక ఈ పని చేయించడం మహా కష్టం.

ఉప్పు అక్కర్లేని మెత్తటి నీరు ఏటా జూన్‌లో దానంతట అదే కప్పు మీద పడుతుంది. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. 100 చదరపు మీటర్ల కప్పు మీద అది 80,000 లీటర్లు. ఆవిరికీ, పారబోతకూ ఐదో వంతు తీసేసినా 64,000 లీటర్లు మిగులుతాయి, అంటే నలుగురున్న ఇంటికి దాదాపు నాలుగు నెలల వాడకం. వాన నీటిలో కాఠిన్యం లేనట్టే లెక్క. 500 ఉన్న బోరు నీళ్లతో సగానికి సగం కలిపితే సంపులో కాఠిన్యం 250కి దిగుతుంది, డిటర్జెంట్‌కు అది చాలు. సంపులో పట్టనిది బోరు పక్క ఇంకుడు గుంతలోకి పంపితే లోతు పగుళ్లలోని పాత నీళ్లు పలచబడతాయి. తొలి వానకు కప్పు మీది దుమ్ము, పావురాల రెట్టలు కడుక్కుపోయేలా మొదటి పావుగంట నీటిని బయటికి వదలడానికి ఒక వాల్వు కావాలి. గుంతలోని కంకరనూ ఇసుకనూ ఏటా మే నెలలో తీసి కడిగి మళ్లీ నింపాలి, లేదంటే ఒకట్రెండేళ్లలోనే పూడిక పట్టి నీళ్లు ఇంకడం మానేసి వాకిట్లోకి పొంగుతాయి.